రేవక్కకు చెప్పని మాట

ఆవిడ పరుగెత్తగా ఆసుపత్రిలో ఎవరూ చూడలేదు. ఊపిరాడని మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొస్తున్నా ఆవిడ నడక నడకే. అయినా అందరికంటే ముందు మంచం దగ్గరుండేది ఆవిడే. ఎలా చేరుతుందో తోటివాళ్ళకు అంతుబట్టేది కాదు. గొంతు వార్డులో ఆవిడకు నెమ్మది సిస్టర్ అని పేరు పడిపోయింది. కొత్తగా వచ్చిన రోగులు అదే అసలు పేరనుకునేవాళ్ళు. ఆవిడా దిద్దేది కాదు.

చిన్నప్పుడు ఆవిడ పెద్ద జ్వరంతో చాలాకాలం ఆసుపత్రిలో పడుకుంది. సూది వేసే ప్రతిసారీ ఇంట్లోవాళ్ళు "చీమ కుట్టినట్టుంటుందమ్మా, అంతే" అనేవాళ్ళు. ఒక నర్సు మాత్రం పక్కన కూర్చుని, "చీమ కాదే పిల్లా, తేలే. బాగా నొప్పి పుడుతుంది. నా చెయ్యి పట్టుకుని ఊపిరి తీసి వదిలేలోపు పోతుంది" అంది. అన్నట్టే పుట్టింది, అన్నట్టే పోయింది. అప్పటినుంచి ఆ పిల్ల ఆ నర్సుకు తప్ప ఎవరికీ జబ్బ చూపించలేదు. పెద్దయ్యాక ఏం చదువుతావని అడిగితే నర్సు చదువే అంది. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఇల్లు ఏటికి ఇవతల, ఆసుపత్రి అవతల. రోజూ పొద్దున్నే లాంచీలో దాటేది. మంచు రోజుల్లో ఏరూ ఆకాశమూ ఒకటే తెల్లటి దుప్పటయ్యేవి. బల్ల మీద కూర్చుంటే ఇంజిను మోత జోలపాటలా ఉండేది. పక్కవాళ్ళ భుజాలు కూడా సగం కరిగినట్టు కనిపించేవి. తను ఒడ్డు వదిలిందో లేదో, నిద్రలో ఉందో మెలకువలో ఉందో కూడా తెలిసేది కాదు. అప్పుడు అవతలి రేవునుంచి, మైకులోంచి ఒక ఆడగొంతు తేలుతూ వచ్చేది.

"కుడివైపుకి రండి... ఇంకొంచెం రండి... మెట్ల మీద నాచుంది, చూసి అడుగెయ్యండి. తొందరేం లేదు, ఒడ్డు ఎక్కడికీ పోదు."

లాంచీ నడిపేవాడు ఆ గొంతు పట్టుకునే ఒడ్డుకు చేర్చేవాడు. జనం ఆవిడను రేవక్క అనేవాళ్ళు. ఆవిడ కూర్చునే గది రేవుకు పైన, మెట్లెక్కి వెళ్ళాలి. అందుకని ముఖం చూసినవాళ్ళు తక్కువ. నెమ్మది సిస్టర్ కూడా చూడలేదు. మంచే మాట్లాడుతోందని అనిపించేది ఆవిడకు. ఒక్కోసారి కునుకులో ఆ గొంతు చనిపోయిన తన తల్లిది అయిపోయేది. దిగేటప్పటికి మళ్ళీ మైకుదే అయ్యేది.

ఒక ఏడు, మంచు ఇంకా దిగకముందు, వార్డులో కిటికీ పక్క మంచం మీదకు ఒక పెద్దావిడ వచ్చి చేరింది. బొద్దుగా ఉంది, జుట్టు సగం నెరిసింది, చూపులో నవ్వుంది. గొంతు మాత్రం గరగరలాడుతోంది, రాతిమీద చెప్పు ఈడ్చినట్టు. మొదటి పూట పక్క మంచం మీది రోగి బాత్రూముకు లేచి తూలిపోతుంటే, ఆవిడ పడుకునే అంది:

"చూసి అడుగెయ్యమ్మా. తొందరేం లేదు, అదెక్కడికీ పోదు."

నెమ్మది సిస్టర్ చేతిలో ఉన్న గిన్నె చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ మంచులో విన్న మాట పగటి వెలుతురులో, ఆకుపచ్చ దుప్పటి కింద ఉంది.

"మీరు రేవక్క కదూ!"

"ఇప్పుడు కప్పక్కని" అంది ఆవిడ తన గరగర గొంతును వెక్కిరిస్తూ. "గడ్డేదో లేచిందట తల్లీ. గిల్లి పారేస్తే సరిపోతుందన్నారు."

గిల్లి పారేసే గడ్డ కాదది. క్యాన్సర్. స్వరపేటికనే తీసేయాలి. ఆ తర్వాత మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటుంది, బతుకుతుంది, ఇక మాట్లాడలేదు. ఆ సంగతి డాక్టరు ఆవిడ తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు అక్కకు చెప్పలేదు.

తల్లి పోయాక అక్కే అతన్ని పెంచింది. నలభై దాటినా, ఆవిడ పిలిస్తే చేతులు కట్టుకుని వచ్చి నిలబడతాడు. అతను సిస్టర్‌ను వరండాలో ఆపాడు.

"మా అక్క తట్టుకోలేదు సిస్టర్. ఆ గొంతే ఆవిడ ప్రాణం. ముందు ఆపరేషన్ అయిపోనివ్వండి. తర్వాత నేను కాళ్ళు పట్టుకుని చెప్పుకుంటాను. మీరు మాత్రం నోరు జారకండి."

"నేను చెప్పనుగానీ బాబూ, మీరు చెప్పండి. లేకపోతే డాక్టరుగారిచేత చెప్పించండి."

"చెప్తాను, చెప్తాను" అని అతను కళ్ళు తుడుచుకున్నాడు.

అతని ముఖం చూసి ఆవిడకు జాలి వేసింది. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అనుకుంటూ ఊరుకుంది. రోజులు మెత్తగా జారిపోయాయి. మధ్యాహ్నాలు కిటికీ తెర ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బి కుంగేది. రేవక్క లాంచీల కథలు చెప్పేది. ఒకసారి మంచులో దారితప్పిన పెళ్ళివారి లాంచీ తన గొంతు విని ఒడ్డు చేరిందట. పెళ్ళికొడుకు దిగగానే పెళ్ళికూతురికంటే ముందు మైకుకు దండం పెట్టాడట. వార్డంతా నవ్వేది. సిస్టర్ కూడా నవ్వేది.

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం వచ్చింది. ఒప్పుకోలు కాగితం మీద రోగిచేత సంతకం పెట్టించి, సాక్షిగా సిస్టర్ కింద పెట్టాలి. తమ్ముడు మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. రేవక్క కలం అందుకుని, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"అమ్మాయ్, గొంతు ఎప్పటికి సర్దుకుంటుంది? మంచు దిగేటప్పటికి నేను మైకు దగ్గరుండాలి. నేను లేకపోతే వాళ్ళు ఇసకలోకి తోలేస్తారు."

సిస్టర్ తమ్ముడివైపు చూసింది. అతను నేల చూశాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. రోగం సంగతి చెప్పడం డాక్టరు పని, తన పని కాదు. కానీ "త్వరలోనే సర్దుకుంటుందక్కా" అని అబద్ధం ఆడటం ఎవరి పనీ కాదు. ఆవిడ మెల్లగా కలం తీసుకుని మూత పెట్టింది.

"అక్కా, ఆ మాట మీకు చెప్పాల్సింది నేను కాదు. చెప్పాల్సిన మనిషిని తీసుకొస్తాను. అప్పటిదాకా దేనిమీదా సంతకం పెట్టకండి."

రేవక్క ముఖంలో నవ్వు ఆగింది. ఆవిడ తమ్ముడివైపు తిరిగింది.

తమ్ముడు వరండాలో సిస్టర్ వెంటపడ్డాడు. "ఏం చేశారండీ మీరు! ఆవిడ భయపడి ఇంటికెళ్ళిపోతే? చచ్చిపోతే? ఆ పాపం ఎవరిది?"

ఆవిడ డాక్టరు గదివైపు సాగింది. నడక మాత్రం మారలేదు.

డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. "రేవక్కకు ఇంకా ఏమీ తెలియదండి" అంది సిస్టర్. "వాళ్ళ తమ్ముడు చెప్పేశానన్నాడే?"

"చెప్పలేదండి. ఆవిడ మంచు రోజులకు మైకు దగ్గరుంటానంటోంది."

డాక్టరు కుళాయి కట్టేయడం కూడా మర్చిపోయాడు. తర్వాత చేతులు తుడుచుకుని ఆవిడ వెంట వచ్చాడు. కుర్చీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. దాపరికం లేకుండా, తొందర లేకుండా అంతా చెప్పాడు. తెర ఉబ్బింది, కుంగింది. ఎండ దుప్పటి మీదనుంచి గోడ మీదకు పాకింది.

"కొయ్యకపోతే?" అంది రేవక్క.

"గొంతు కొన్నాళ్ళుంటుంది. ఆ తర్వాత మీరుండరు."

రేవక్క తమ్ముణ్ణి పిలిచింది. "అంటే నాకు చెప్పకుండా నా గొంతును పడవెక్కించేద్దామనుకున్నావురా?"

అతను మంచం పట్టె మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ అతని తల నిమిరింది. నిమురుతూనే, "ఇప్పుడు కాదు డాక్టరుగారూ. నాకు కాస్త పనుంది. మీరు మరీ ఆలస్యం అనేలోపు వస్తాను" అంది. ఆ సాయంత్రమే సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళింది గానీ వస్తుందో రాదో ఎవరికి తెలుసు? తమ్ముడు ఊరుకోలేదు. సిస్టర్ తన అక్కను బెదరగొట్టి పంపేసిందని పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. నర్సులందరి మీదా పెద్దయిన పెద్ద సిస్టర్ ఆవిడను గదికి పిలిచింది.

"రోగం పేరు నువ్వు చెప్పావా?"

"లేదమ్మా. డాక్టరుగారే చెప్పారు."

"మరి సంతకం ఎందుకాపావ్?"

"తెలివిలో ఉన్న మనిషి ఒంటిమీద ఆవిడ మాటే చెల్లుతుంది. తమ్ముడి మాట చెల్లదు. నేను సాక్షి సంతకం పెడితే, ఆవిడకు అర్థమైందని నేను చూసినట్టు. ఆవిడకు అర్థం కాలేదు. నేను చూశాను."

పెద్ద సిస్టర్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "చట్టం నీ వైపే ఉంది. కానీ ఒకటడుగుతాను. అతను నిన్ను బతిమాలిన రోజే డాక్టరుగారి చెవిన ఎందుకు వెయ్యలేదు? ఆఖరి పూట దాకా ఆగి, కలం చేతిలోంచి లాక్కుంటే ఎవరికైనా గుండె జారుతుంది."

"జాలి వేసిందమ్మా" అంది సిస్టర్.

"రోగి మీద వేసే జాలి వేరు, చుట్టాల మీద వేసేది వేరు. ఆవిడ తిరిగి రాకపోతే ఏం చేస్తావ్?"

"నిద్ర పట్టదు."

"అదీ ఈ ఉద్యోగంలో భాగమే. వెళ్ళు."

ఆ రోజుల్లోనే మంచు దిగింది. పొద్దున్నే లాంచీ తెల్లటి లోకంలోకి దూరితే, అవతలినుంచి గొంతు వినిపించింది, చిరిగిన గుడ్డలా. ఒక మాట పలికి, చాలాసేపు ఆగి, ఇంకో మాట. మధ్యమధ్య టంగుమని గంట. బల్లమీద జనం గుసగుసలు మొదలుపెట్టారు. జలుబన్నాడొకడు. మైకు పాడైందంది ఒకావిడ. "మీరు ఆసుపత్రిలోనే కదా, మీకేమైనా తెలుసా?" అని సిస్టర్‌వైపు తిరిగారు.

"నాకెలా తెలుస్తుందమ్మా" అనలేదు ఆవిడ, అదీ అబద్ధమే. "ఆసుపత్రి మాటలు నేను బయట మాట్లాడనండి" అంది. బల్లమీద సగంమంది ముఖాలు ముడుచుకున్నారు.

సిస్టర్ మొగుడు దర్జీ. ఇంట్లో మిషను తొక్కుతూ ఆవిణ్ణి గమనించాడు. "అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నావు. ఏమైందే?"

"ఏం లేదు."

"నీ నోటికి నాకంటే గట్టి కుట్టేసినవాడెవడో నాకు చూపించు, శిష్యరికం చేస్తాను" అన్నాడు. ఇంక అడగలేదు. ఆవిడ పక్కన వచ్చి కూర్చున్నాడు.

రేవునుంచి వచ్చే గొంతు రోజురోజుకూ తగ్గింది, గంట పెరిగింది. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. ఒకసారి కొడితే కుడికి. వెంటవెంటనే రెండు కొడితే ఆగమని. ఆగకుండా మోగిస్తే మెట్లు దగ్గరపడ్డాయని. లాంచీవాడు మొదట్లో తికమకపడి ఒకసారి ఇసకలోకి తోలాడు, జనం తిట్టిపోశారు. తర్వాత తర్వాత అతని చేతులు గంట మాట నేర్చుకున్నాయి. ఆ తెల్లటి నిశ్శబ్దంలో మునిగి తేలుతూ, రేవక్కకున్న పనేమిటో నెమ్మది సిస్టర్‌కు అప్పుడు అర్థమైంది. తన గొంతు పోయాక రేవు మూగదైపోకుండా, తనే దానికి ఇంకో నోరు పెడుతోంది.

ఒక ఉదయం గొంతు అసలు వినిపించలేదు. గంట ఒక్కటే మోగింది. లాంచీ తిన్నగా వచ్చి మెట్లకు ఆనింది. ఆ రోజే, వార్డుకు వెళ్ళేసరికి, కిటికీ పక్క మంచం మీద రేవక్క సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది.

"కలం ఇవ్వు తల్లీ" అంది, గాలిలా వినిపించే గొంతుతో. "ఇప్పుడు అర్థమయ్యే పెడుతున్నాను."

సంతకం పెట్టింది. కింద సిస్టర్ పెట్టింది. రోగం మరీ ముదరకముందే వచ్చిందని డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెలకువ వచ్చాక ఆవిడ పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు చెవులవైపు జారాయి. సిస్టర్ తుడిచింది. ఏడవద్దని అనలేదు. అలా చాలా రోజులు నడిచింది. ముందే తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గిపోలేదు. కోపం వచ్చిన రోజు గ్లాసు విసిరింది. ఇంకో రోజు పక్క మంచం మీది వాళ్ళకు సైగలతో లాంచీ కథ చెప్పి నవ్వించింది. మెడకు పలచటి గుడ్డ కట్టుకుని, మంచు రోజులు అయిపోకముందే రేవు గదికి తిరిగి వెళ్ళింది.

ఫిర్యాదు ఏ చర్యా లేకుండా ముగిసింది. పెద్ద సిస్టర్ రిటైరయ్యాక ఆ గదిలోకి నెమ్మది సిస్టరే వచ్చింది. కొత్త నర్సులకు ఒకటే చెప్పేది: "చెప్పాల్సింది మీరు కాకపోతే, చెప్పాల్సినవాళ్ళ దగ్గరికి ఆ రోజే నడవండి. నాలాగా ఆఖరి పూట దాకా ఆగకండి."

తమ్ముడు మాత్రం చాలాకాలం ఆవిణ్ణి చూస్తే తల తిప్పుకునేవాడు. ఒకసారి లాంచీ కిక్కిరిసి ఉంది. చోటు వెతుక్కుంటూ ఆవిడ అతని ముందుకే వచ్చి నిలబడింది. అతను తలెత్తాడు.

"నాకింకా కోపం పోలేదండీ" అన్నాడు.

"పోనక్కర్లేదు బాబూ."

అతను ఒళ్ళో సంచీ పెట్టుకుని పక్కకు జరిగాడు. ఆవిడ కూర్చుంది. ఏరు దాటేలోపే ఇద్దరికీ కునుకు పట్టింది.