క్లచ్ కాలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డ్రెస్సింగ్ రూములో నర్సుగా ఉన్నాను. పుండ్లు కడిగి కట్లు కట్టే గది అది. అక్కడికి వచ్చినవాళ్లు అరుస్తారు, నేనూ అరుస్తాను. ఆ సిస్టర్ వద్దు, ఇంకొకరిని పంపండి అనే పేషెంట్లు కూడా ఉన్నారు. ఉండనీ, నాకేం?

ఒక రోజు జగ్గయ్యపేట నుంచి మస్తాన్ అనే లారీ డ్రైవరు, భార్య కాశింబీ భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. సిమెంటు లోడ్లు తోలే మనిషి, నలభై దాటాయి. ఎడమ కాలి బొటనవేలి పక్క వేలు నల్లగా మాడిపోయి ఉంది. షుగరు లేదు. మా సర్జన్ ఆ పాదం మీద పల్స్, అంటే నాడి, చాలాసేపు వెతికారు. సరిగ్గా అందలేదు. పరీక్షలు చేయించి బర్జర్స్ డిసీజ్ అని తేల్చారు. పొగాకు వల్ల కాళ్లలో, చేతుల్లో సన్నటి రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు. మందులు కొంత సాయం చేస్తాయి గానీ, పొగాకు పూర్తిగా వదలకపోతే ఏ మందూ దాన్ని ఆపలేదు.

"ఈ వేలు దక్కదు. పొగ మానేస్తే కాలు దక్కుతుంది. మానకపోతే ఆంప్యుటేషన్ దాకా వస్తుంది, మోకాలి కింద తీసేయాలి," అని చెప్పి సర్జన్ వెళ్లిపోయారు.

మస్తాన్ నా వైపు తిరిగాడు. "ఇది క్లచ్ కాలు సిస్టరమ్మా. ఇది పోతే నేనింక డ్రైవర్నే కాదు."

"అయితే మానండి."

"ఇరవై ఏళ్ల అలవాటమ్మా. అనుకోగానే పోద్దా?"

"అదంతట అది పోదు. మీరే తరమాలి," అన్నాను.

వేలు తీసేశారు. తర్వాత కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు పెద్ద ఘనకార్యం చేసినట్టు కూర్చుని, "ఆపరేషనైన కాడ్నించీ సిగరెట్టు ముట్టలేదమ్మా," అన్నాడు. మాట్లాడుతుంటే కింది పెదవి ఉబ్బెత్తుగా కనిపించింది. నోరు తెరవమన్నాను. పెదవి కింద ఖైనీ!

"ఇదేంటి?"

"ఖైనీ అమ్మా. ఇందులో పొగ లేదుగా!"

పొగ మానమన్నామని పొగ ఒక్కటే మానాడు మహానుభావుడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పొగ కాదయ్యా, పొగాకు! ఆకు! కాల్చినా, నమిలినా, పెదవి కింద దాచినా లోపల రక్తనాళానికి ఒకటే. నీ కాలు నీకు అక్కర్లేదా?" కోపంలో మీరు కాస్తా నువ్వు అయిపోయింది. వాష్‌బేసిన్ చూపించాను. ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చి తల దించుకుని కూర్చున్నాడు.

కాశింబీ మెల్లగా అంది. "మంచం మీద ఊరికే కూర్చుంటే ఆయనకి తోచట్లేదమ్మా. అసలు గోలంతా అదే."

"నిజమే సిస్టరమ్మా," అన్నాడు మస్తాన్. "లాగాలనే యావ కాసేపుండి పోద్ది. ఈ తోచకపోవడం ఉంది చూశారా, ఇది పొద్దస్తమానం ఉంటది. ఫ్యాక్టరీ గేటు కాడ లోడింగు లైన్లో కూడా ఇంతే. పడుకుంటే ముందు బండి కదిలిపోద్ది. కూర్చుని ఏం చెయ్యాలి? వెలిగించడమే."

"చేతులకి ఏదో ఒక పని పెట్టు. ఏం పని అని నన్నడక్కు. ఈసారి ఆకు వాసన వచ్చిందంటే కట్టు కట్టను." కట్టేదాన్నే, కానీ ఆ మాట ఆయనకి చెప్పలేదు.

మళ్లీ వచ్చినప్పుడు మూతి వాచి, పెదాలు ఎర్రగా కమిలి ఉన్నాయి. మళ్లీ ఖైనీయా అని నేను అందుకునేలోపే కాశింబీ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళుతుంది. మొగుణ్ణి చూసుకోవాలని ఆ రోజుల్లో కాయలు ఇంటికే తెచ్చుకుని తీస్తోంది. తోచక ఈయనా పక్కన కూర్చుని తీశాడు. ఆమె నీళ్లకి లేవగానే, ఎక్కడో దాచుకున్న సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకుందమ్మా మంట!" అంది కాశింబీ.

గదిలో అందరం పగలబడి నవ్వాం. మస్తాన్ మాత్రం నవ్వలేదు. "నవ్వండి, నవ్వండి. కానీ ఈ కారం చేతులున్నంతసేపూ సిగరెట్టు నోటి దాకా రావట్లేదమ్మా. చెయ్యి పైకి లేస్తే చాలు, పెదాలు వద్దంటన్నాయి."

"అయితే కానియ్. ఆ చేతులతో కళ్లుగానీ కట్టుగానీ ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతా."

వీధిలో మగవాళ్లు ఎగతాళి చేశారట, ఆడవాళ్ల పని చేస్తున్నాడని. లోపల కూర్చుంటే సిగ్గుపడ్డట్టు ఉంటుందని మంచం తెచ్చి వాకిట్లో వేసుకుని, వాళ్ల కళ్లెదుటే తీశాడట. ఆ మాట విన్నాక నాకు ఆయన మీద గురి కుదిరింది.

పుండు మానింది. లారీ ఎక్కాడు, క్యాబిన్‌లో ఒక సంచీడు మిరపకాయలు పెట్టుకుని మరీ. చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు లోడింగు లైన్లో జరిగింది చెప్పాడు. తోటి డ్రైవరు ఒకడు సిగరెట్టు ఇచ్చి, "ఒక్క దమ్ము లాగు మస్తానూ, ఏం కాదు," అన్నాడట. ఈయన దాన్ని తీసుకుని, నోట్లో పెట్టుకునే కొసని వేళ్ల మధ్య బాగా నలిపి, "నువ్వే లాగు," అని తిరిగిచ్చాడట. వాడు ఒక్క దమ్ము లాగి నీళ్ల కోసం లైనంతా పరిగెత్తాడట.

ఈ పనిలో ఎంతోమందిని చూశాను. నల్లబడ్డ వేలు చూసి పుట్టిన భయం పుండుతో పాటే మానిపోతుంది. కసి పుడితే అలా పోదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా జబ్బు గురించి భయపెట్టి ఊరుకోను. తోచనప్పుడు చేతులతో ఏం చేస్తావో చెప్పు, చెప్పేదాకా కదలకు అంటాను. దురుసు మనిషినంటారు. అననీ.

ఆ రోజు వెళ్లబోతుంటే మస్తాన్‌ని అడిగాను. "ఇంకా లాగాలనిపిస్తుందా?"

"అబద్ధమెందుకు, అనిపిస్తదమ్మా. ఆ పొగాకు నా ఊపిరడిగింది, ఇచ్చా. వేలడిగింది, అదీ ఇచ్చా. ఇప్పుడు కాలు కూడా కావాలంట. ఇవ్వను పో అన్నా."