గొట్టం అడుగున నల్లచుక్క

ఈదడం నాకు రాదు. ఆ మాట ముందే చెప్పేస్తే కాస్త ధైర్యంగా రాయగలను. ఎందుకంటే, రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో, ఆ ఊరి పక్కనే సిల్తారాలో ఫ్యాక్టరీ ఉన్న ఒక సేఠ్ గారింట్లో స్విమ్మింగ్ పూల్ చూసుకునే పని నాది. అంతకుముందు అదే ఇంట్లో తోటమాలిని.

పూల్లో రోజూ దిగేది సేఠ్ గారి అమ్మగారొక్కరే. దాదీ అనేవాళ్లం. మోకాళ్ల నొప్పికి నీళ్లలో నడవమన్నాడట డాక్టరు. చీరతోనే దిగి, గట్టు వెంట ఉన్న కడ్డీ పట్టుకుని అటూ ఇటూ నడిచేవారు.

పూల్ కట్టిన మేస్త్రీ నాకు పని నేర్పాడు. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా స్టెబిలైజర్ పొడి వేయాలి. అది ఎంతుందో చూడటానికి పూల్ నీళ్లలో మందు కలిపి, అడుగున నల్లచుక్క ఉన్న గొట్టంలో పైనుంచి చూస్తూ కొద్దికొద్దిగా పోయాలి. నీళ్లు పాలలా తెల్లబడి ఉంటాయి. చుక్క తొందరగా మాయమైతే పొడి ఎక్కువైనట్టు, ఇక క్లోరిన్ పనిచేయదు. ఈ ఆఖరి ముక్కే నేను తలకిందులుగా గుర్తుపెట్టుకున్నాను. దిష్టి పోయినట్టు చుక్క ఎంత తొందరగా పోతే అంత మంచిదనుకుని, వారం వారం పొడి వేస్తూ పోయాను.

మే నెలలో నీళ్లు పచ్చబడ్డాయి. క్లోరిన్ ఎంత వేసినా ఆ పచ్చదనం విరగలేదు. బుధవారం సేఠ్ గారు వచ్చి చూశారు.

"అరే భయ్యా, ఇది పూలా, పాలక్ పనీరా? ఆదివారానికి తేటపడకపోతే మట్టి పోయించి లాన్ వేయిస్తా. నువ్వు మళ్లీ గడ్డి పీకుదువుగాని."

"నా మోకాళ్లు గడ్డిలో ఈదుతాయా బేటా?" అన్నారు దాదీ.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. "చుక్క చూస్తే చటుక్కున పోతోంది. అంతా బాగున్నట్టే కదా?" అన్నాను మా ఆవిడతో.

"చుక్క కనపడనంతగా నీళ్లు చిక్కబడిపోతే బాగున్నట్టెలాగండీ?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది మేస్త్రీ మాట, తిన్నగా. నెత్తి కొట్టుకున్నాను. "అయితే ఆ పొడి విరగడానికి ఏం వేయాలో?"

"ఏటీ ఎయ్యక్కర్నేదు. చారులో ఉప్పెక్కువైతే మరగబెడతారేటి? సగం ఒంపేసి నీళ్లు పొయ్యండి."

"అది చారు కాదే, కెమిస్ట్రీ."

"ఆ కెమిస్ట్రీ మింగుడు పడకే కదా అన్నం మానేసారు!"

మర్నాడు పొద్దున్నే సగం నీళ్లు వదిలేశాను. రెండు రోజులు బోరు ఆగకుండా తిరిగింది. క్లోరిన్ వేశాను. శనివారం గొట్టం సగం దాటినా చుక్క నన్నే చూస్తోంది. దాన్ని చూసి అంత సంతోషించడం అదే మొదలు.

ఆదివారం దాదీ దిగి, కిందికి చూసుకున్నారు. "నా కాలి వేళ్లు కనిపిస్తున్నాయి!"

"ఏ మందు వేశావ్?" అన్నారు సేఠ్ గారు.

"నీళ్లు, సాబ్."

నమ్మలేదు. "అయితే నువ్వూ దిగు, చూద్దాం."

"నాకు ఈత రాదు సాబ్."

దాదీ కడ్డీ దగ్గర కాస్త పక్కకు జరిగి, "రా, ఇక్కడ పట్టుకో" అన్నారు.