ఏమీ రాయని అట్ట

మేడమ్ పోయారని నాకు క్లాసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పెనుకొండలో, వాళ్లింట్లోనే, గుండె ఆగిపోయిందట. ఆ వార్త కిందే ఇంకో మెసేజ్ ఉంది: సంతాప సభకు అందరూ రావాలి, హాజరు తీసుకుంటారు. ఏడుపు కంటే ముందు నాకు రోత పుట్టింది. ఆమె గురించి శాంతంగా రాద్దామని కూర్చున్నాను. కుదరడం లేదు. చదివేవాళ్లు మన్నించాలి.

హిందూపురం దగ్గరున్న మా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆమె చరిత్ర చెప్పేవారు. రోజూ పెనుకొండ నుంచి ప్యాసింజరులో వచ్చేవారు. సంచిలో ఉడకబెట్టిన చెనక్కాయలు ఉండేవి. క్లాసు అయ్యాక ఎవరు ఎదురుపడితే వాళ్ల చేతిలో గుప్పెడు పోసేవారు. తొక్కలు కింద వేయనిచ్చేవారు కాదు. తన సంచి నోరు తెరిచి పట్టుకునేవారు.

మా క్యాంపస్‌లో కొత్తగా చేరినవాళ్లను అందరూ మొదట ఇంటిపేరు అడుగుతారు. చెబితే, "ఓహో, వాళ్లా" అని తలాడిస్తారు. ఆ తలాడింపుతోనే మనం ఎక్కడ కూర్చోవాలో తేలిపోతుంది. మేడమ్ మాత్రం, "ఏం పాపా, ఏ బండిలో వచ్చినావు?" అని అడిగేవారు. రైలని చెబితే, సీటు దొరికిందా అని అడిగేవారు. అంతే. ఒకసారి ఒక సారు నవ్వుతూ ఆమెనే అడిగాడు, "ఇంతకీ మీరు ఏ వర్గం మేడమ్?" అని.

"చదువుకునేటప్పుడు ఆమడగూరు బస్సులో నిలబడి వచ్చిన వర్గం సార్. సీటు దొరికినోళ్లది వేరే వర్గం," అన్నారు మేడమ్, చెనక్కాయ ఒలుస్తూ.

నేను ధర్మవరంలో కాన్వెంటులో చదివాను. అక్కడ బాగా నేర్చుకున్నది చేతులు కట్టుకుని మాట్లాడకుండా నిలబడటం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. ఆ సంగతి నేను దాచలేదు, చాటలేదు. పోయిన ఏడాది క్యాంపస్‌లో 'వైవిధ్య ఉత్సవం' పెట్టేదాకా దాంతో ఎవరికీ పని పడలేదు.

ఉత్సవమంటే వరసగా టేబుళ్లు. ఒక్కో టేబుల్ మీద, వెనక ఉన్నది ఎవరో రాసిన ఒక అట్ట. నా గదిలో ఉండే తండా అమ్మాయి అద్దాల లంగా వేసుకుని ఒక అట్ట వెనక నిలబడాలి. ముస్లిం అమ్మాయి బిర్యానీ గిన్నెతో ఇంకో అట్ట వెనక. కళ్లు కనిపించని అబ్బాయి అట్ట మీద 'స్ఫూర్తి' అని రాశారు. అతను ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఊరికే కూర్చుంటే చాలన్నారు. నా అట్ట మీద 'నేత సమాజం'. మా నాయన వచ్చి బొమ్మ మగ్గం ముందు కూర్చోవాలి. భూములున్న ఇళ్ల పిల్లలకు టేబుళ్లు లేవు. వాళ్లు మెడలో బ్యాడ్జీలు వేసుకుని జనాన్ని నడిపించే వాలంటీర్లు.

"గర్వపడాలమ్మా, మీ కల్చర్ ఇది," అన్నాడు ఉత్సవ కమిటీ సారు. నేను తల ఎత్తలేదు. "ఇంటర్నల్ మార్కులు వేసేది కూడా మేమే గదా," అని మెత్తగా చేర్చాడు.

ఇంటికి ఫోన్ చేసి నాయనకు సంగతి చెప్పాను. మా ఇంట్లో మగ్గం నేలలో తవ్విన గుంత మీద ఉంటుంది. నాయన కాళ్లు రోజంతా ఆ గుంతలోనే.

"ఈడ ఇన్నేండ్ల నుంచి కూర్చోనుండా. సూసేకి ఎవురూ రాలేదే," అన్నాడు. తర్వాత, "నీ మార్కులకు అడ్డమొస్తాదంటే వస్తాలే పాపా. తెల్లంగీ వేసుకోవల్లనా?" అని అడిగాడు.

నేను ఫోన్ పెట్టేశాను.

మేడమ్‌కు నేను చెప్పలేదు. తండా అమ్మాయి చెప్పింది. మర్నాడు ఎవరి టేబుల్ ఎక్కడో చూపడానికి కమిటీ మమ్మల్ని పిలిచింది. పేరుకు ఆ కమిటీలోనే ఉన్న మేడమ్ కొన్ని ఖాళీ అట్టలు పట్టుకొచ్చి, సార్ల ముందు ఒక్కొక్కటి పెట్టారు.

"ఏంటి మేడమ్ ఇవి?" అన్నాడు కమిటీ సారు.

"మీ అట్టలు సార్. మీది పరిగి పక్క గదా, భూములున్న ఇల్లు. రాయండి. మీ నాయన్ను కూడా పిలిపిస్తాము. గట్టు మీద నిలబడి కూలోళ్ల మీద అరిచేది ఒక్కరవ్వ చేసి చూపిస్తే, పిల్లోళ్లు ఫోటోలు తీసుకుంటారు."

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"ఇది జోకు కాదు మేడమ్."

"నేను జోకేయలేదు సార్. వైవిధ్యమంటే అందులో మీరు కూడా ఉండల్ల గదా."

ఆయన మొహం ఎర్రబడింది. మేడమ్ గొంతు పెంచలేదు. "ఈ పాప వాళ్ల నాయన రాడు. ఆ టేబుల్ దగ్గర నేను కూర్చుంటా. మార్కుల మాట మళ్లా ఎత్తితే రిజిస్ట్రార్ ముందర మాట్లాడుకుందాము."

ఉత్సవం రోజు ఆమె ఆ టేబుల్ వెనక కూర్చుని మా పరీక్ష పేపర్లు దిద్దుకున్నారు. ముందున్న అట్ట ఖాళీ. ఒక వాలంటీరు వచ్చి, "ఇది ఏ స్టాలు మేడమ్?" అని అడిగాడు.

"ఇంకా రాయలేదప్పా. చూస్తే నీకేమనిపిస్తాంది?"

వాడు తల గోక్కుని వెళ్లిపోయాడు. నేను నవ్వాను. కానీ పక్క టేబుల్ దగ్గర తండా అమ్మాయి అద్దాల లంగాలో నిలబడే ఉంది. ఎవరెవరో ఆమె భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీలు దిగుతున్నారు. సాయంత్రం మేడమ్ నాతో అన్నారు: "ఒక అట్టే ఆపగలిగినా పాపా. అన్నీ ఆపలేకపోతి." ఆ తర్వాత కమిటీలో ఆమె పేరు లేదు.

మేడమ్ దహనానికి నాయన మగ్గం ఆపి ధర్మవరం నుంచి పెనుకొండకు వచ్చాడు. తెల్లంగీ వేసుకున్నాడు. వేసుకోమని ఎవరూ చెప్పలేదు.

తర్వాత క్యాంపస్‌లో సభ. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫోటో ఉత్సవం నాటిదే. మేడమ్ పేపర్లు దిద్దుతున్నారు, ముందు అట్ట ఉంది. ఆ ఖాళీ అట్ట మీద కంప్యూటర్‌లో అక్షరాలు నింపారు: 'అణగారిన వర్గాల ఆణిముత్యం'. బతికుండగా రాయనివ్వని దాన్ని, అడ్డుచెప్పలేని రోజు చూసి రాశారు. కమిటీ సారు మైకు పట్టుకుని, మేడమ్ మా కమిటీకి వెన్నెముక అన్నాడు. తర్వాత అందరికీ సమోసాలు పంచారు. నేను తీసుకోలేదు.

అందరూ సమోసాల దగ్గరున్నప్పుడు నేను మెస్‌లోకి వెళ్లి గుప్పెడు అన్నం తెచ్చాను. తండా అమ్మాయి కుర్చీ పట్టుకుంది. కుర్చీ ఎక్కి, మెతుకులు మెదిపి, ఆ అక్షరాల మీద ఒక తెల్ల కాగితం అతికించాను. మొత్తం కప్పేదాకా అరచేత్తో రుద్దాను. కమిటీ సారు చూశాడు. సమోసా పట్టుకుని అటు తిరిగాడు. నేను చేతులు కట్టుకోలేదు.

సభ అయ్యాక ఫ్లెక్సీ విప్పేశారు. వాచ్‌మన్ దాన్ని తీసుకుపోయి హాస్టల్ వెనక నీళ్ల మోటారు మీద కప్పాడు. నేను బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడల్లా కనిపిస్తుంది. మేడమ్ తల వంచుకుని పేపర్లు దిద్దుతూనే ఉంటారు. ఎండకు రంగులు వెలిసిపోతున్నాయి. ఆమె ముందున్న తెల్ల కాగితం ఒక మూల లేచింది గానీ, ఊడలేదు.