బర్కా తోటలో మోటారు ఆపొద్దు

ఊరు చూడ్డానికి మొదలుపెట్టిన ప్రయాణం కాదిది. మస్కట్‌లోని ఖురంలో నాతో పాటు హోటల్లో పనిచేసే ఒక్సానా, వాళ్లమ్మ హలీనా ఆంటీ చేత ఒక అధ్యాయం చెప్పించుకోవాలని తపించిపోతుంటే కారు తీశాను. ఆంటీ తండ్రి ఉక్రెయిన్‌లో చరిత్రకారుడు. సోవియట్ అధికారులు తన ఊళ్లో ఇంటింటా ధాన్యం లాక్కుపోయి జనాన్ని ఆకలితో ఎలా చంపారో పుస్తకం రాశాడు. రాతప్రతి కాల్చేసి ఆయన్ని సైబీరియా పంపారు. భార్య ఉద్యోగం పోయింది, ఆంటీని కాలేజీ నుంచి గెంటేశారు, ఉన్న ఫ్లాటు ఖాళీ చేయించారు. ఆయన తిరిగి రాలేదు. కానీ అరెస్టుకు ముందే చివరి అధ్యాయాన్ని కూతురికి కంఠతా పట్టించాడట. ఇప్పుడది ఆంటీ బుర్రలో తప్ప లోకంలో ఎక్కడా లేదు. యుద్ధం వచ్చాక కూతురి దగ్గరికి మస్కట్ చేరిన ఆంటీకి ఈమధ్య మతిమరుపు మొదలైంది. పొయ్యి మీద పాలు మర్చిపోతే సర్దుకోవచ్చు. ఇది మర్చిపోతే?

ఇంట్లో ఎంత బతిమాలినా ఆంటీ నోరు విప్పదు. నాలుగు గోడల మధ్య భయమేమో, మనుషుల్లేని చోటికి తీసుకెళ్దామంది ఒక్సానా. శుక్రవారం పొద్దున ఆరింటికే బయల్దేరి బాతినా హైవే మీద సముద్రం ఒడ్డునున్న సహం వైపు పోనిచ్చాం. రెండున్నర గంటల దారి, రానూపోనూ పెట్రోలు పది రియాళ్ల లోపే. ఆంటీ వెనక సీట్లో ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. అందులో ఒక జత బట్టలు, ఎండబెట్టిన రొట్టె ముక్కలు. ఏ క్షణాన పట్టుకుపోతారోనని వాళ్లింట్లో తలుపు పక్కన ఎప్పుడూ అలాంటి సంచి ఉండేదట. పోలీసు కారు కనబడ్డప్పుడల్లా తల దించుకుంటోంది. ఆవిడ కంగారు నాకూ అంటుకుని, దారిలో మలయాళీ హోటల్లో చెప్పిన పరోటా సగంలోనే వదిలేసి లేచాను.

సహం బీచ్‌లో పిట్ట కూడా లేదు. ఒక్సానా చాప పరిచి, "అమ్మా, ఇక్కడ ఎవరూ లేరు, చెప్పు" అంది. ఆంటీ కూర్చోలేదు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసి, "మరీ నిశ్శబ్దంగా ఉంది. పోదాం పదండి" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంతదూరం వచ్చింది నిశ్శబ్దం కోసమే కదా! ఒక్సానా ముఖం చూసి కారు వెనక్కి తిప్పాను.

తిరుగుదారిలో, మస్కట్ ఇంకో గంట ఉందనగా, బర్కా వస్తుంది. మా హోటల్ వంటింటికి ఆకుకూరలు పంపే రాజన్నది జగిత్యాల పక్క ఊరు. అతను పనిచేసే ఖర్జూరం తోట దగ్గర ఆగాం. "గింత ఎండల ఏడ తిరుగుతున్నరక్కా? నీడకు రాండ్రి. అవ్వకు లస్సీ దెస్త" అంటూ వెళ్లి, పనిలో పనిగా మోటారు వేశాడు. పైపులోంచి నీళ్లు ధడధడా సిమెంటు తొట్లో పడ్డాయి. ఆంటీ చటుక్కున లేచింది. పైపు పక్కకి నడిచి, కూతుర్ని చెయ్యి పట్టి లాగి, చెవిలో ఏదో మొదలుపెట్టింది. ఒక్సానా కళ్లు పెద్దవయ్యాయి.

నేను గబగబా ఫోన్లో రికార్డింగ్ నొక్కాను. మోటారు హోరులో మాట వినపడక రాజన్నకు సైగ చేశాను. "బంద్ జెయ్యాల్నా అక్కా? జేస్త తియ్" అని ఆపేశాడు. ఆంటీ మాట మధ్యలోనే ఆగింది. చుట్టూ చూసి, సంచి గుండెకి హత్తుకుని కారు వైపు నడిచింది.

"ఎందుకు ఆపించావ్!" అని ఒక్సానా నా మీద అరిచింది. "నా చిన్నప్పుడు వంటింట్లో కుళాయి విప్పితే గానీ అమ్మ అసలు సంగతులు మాట్లాడేది కాదు. అంట్లు తోముతూ కబుర్లు చెప్పడం ఇష్టమనుకున్నా. పోలీసులు గోడల్లో యంత్రాలు పెట్టి వినేవాళ్లు కదా, నీళ్ల చప్పుడులో మాట దొరకదని అన్నమాట!"

రాజన్న మళ్లీ మోటారు వేశాడు. ఆంటీ వెనక్కి వచ్చింది. కానీ ఆపిన చోటు నుంచి చెప్పడం ఆవిడకు చేతకాలేదు. తండ్రి పాఠంలా పట్టించినది కదా, మళ్లీ మొదటి వాక్యం నుంచే ఎత్తుకుంది.

కాసేపటికి చెట్ల పాదులన్నీ నిండిపోయాయి. "నీళ్లు ఖరాబైతున్నయక్కా. మా అర్బాబ్ జూస్తే లొల్లి జేస్తడు" అన్నాడు రాజన్న, యజమాని ఇంటి వైపు చూస్తూ. ఆంటీ తండ్రి కథంతా రెండు ముక్కల్లో చెప్పి, ఈసారి ఆగితే మళ్లీ గుర్తొస్తుందో లేదో అన్నాను. రాజన్న ఆంటీని ఒకసారి చూశాడు. "గట్లనా? అయితే కానియ్యుండ్రి. గడ్డి మడి దిక్కు తిప్పుత" అని పార తీసుకుని కాలవ మళ్లించాడు.

గంట పైనే పట్టింది. చివర్లో ఆంటీ సంచి విప్పి, ఎండు రొట్టె ముక్కలు తీసి రాజన్నతో సహా అందరికీ పంచింది. ఆ సంచి విప్పగా ఒక్సానా ఎప్పుడూ చూడలేదట. రాయిలా ఉన్న ఆ రొట్టె లస్సీలో నానబెట్టుకుని తిన్నాం. నాకు ఏడుపొచ్చింది.

కారెక్కి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. మోటారు చప్పుడు తప్ప అందులో ఏమీ లేదు. తల కొట్టుకుంటుంటే ఒక్సానా ఏసీ, రేడియో రెండూ పెద్దగా పెట్టమంది. ఆ గోలలో తల్లి చెవి దగ్గరికి వంగి, విన్నదంతా తిరిగి అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఆంటీ తప్పులు దిద్దుతూ, ఖురం రాకముందే నిద్రపోయింది. సంచి ఒళ్లోంచి జారిపోయినా మెలకువ రాలేదు. ఒక్సానా మాత్రం పెదవులు కదుపుతూనే ఉంది. ఇక నుంచి మర్చిపోతానేమోనన్న భయం ఆమెది. ఆ కంగారు నన్నూ వదల్లేదు. మొదటి వాక్యం అర్థం అడిగి తెలుసుకుని, ఇంట్లో అంట్లు తోమేటప్పుడు నాలో నేను అనుకుంటున్నాను.

బర్కా తోటలకు వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా. మోటారు ఎప్పుడు వేస్తారో ముందే కనుక్కోండి. వెంట పెద్దవాళ్లుంటే ఫోన్ కార్లో వదిలేసి, వాళ్లకు బాగా దగ్గరగా కూర్చోండి.