కాజాల పిన్ని దిగిన బస్సు

కాజాల పిన్నికి ముందే తెలుసునట. రోజూ మార్కెట్టు దాకా వచ్చే మనిషి ఆ రోజు వంతెన దగ్గరే బస్సు దిగిపోయిందట. బస్సు వంతెన దాటి మలుపు తిరిగిందో లేదో పేలిపోయిందట. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదట.

ఈ మాట టీ కొట్టు దగ్గర పుట్టి, సాయంత్రానికి మెట్లెక్కి మా కుట్టుగదిలోకి వచ్చింది. మర్నాటికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. దిగుతూ ఎవరితోనో ఫోనులో "నేను దిగాను, కానివ్వండి" అందట. పిన్నికి అసలు ఫోను లేదు. ఆ సంగతి మా గదిలో అందరికీ తెలుసు. అయినా ఎవరమూ నోరు విప్పలేదు.

మా కుట్టుగది బట్టల కొట్టుకు పై అంతస్తులో ఉంది. ఒక గోడ వెంట మెషీన్లు, మధ్యలో కటింగ్ మాస్టర్ బల్ల, మూలన తానుల గుట్ట. చొక్కా ఎన్ని చేతులు మారినా చివరికి కిటికీ కింద పొట్టి స్టూలు మీద కూర్చున్న పిన్ని ఒడిలోకి రావాల్సిందే. గుండీ దూరే చీలిక చుట్టూ దారంతో గట్టి అంచు కుట్టేది ఆవిడ. కాజా అంటే అదే. పిన్ని భర్త ఇదే గదిలో మెషీను తొక్కేవాడు. జ్వరంతో పోయాడు. ఇప్పటి ఓనరు తండ్రి అప్పుడు పిన్నిని పిలిచి ఆ స్టూలు చూపించాడు. దాని మీద కూర్చునే కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది. ఇప్పుడు మంచాన పడ్డ అత్తగారిని సాకుతోంది. ఆ స్టూలు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

నోరు మాత్రం చురుకైనది. వంకర కుట్టు కనబడితే చొక్కా పైకెత్తి, "ఇది తొడుక్కుని పెళ్ళికెళ్ళినవాడు భోజనాల దాకా ఉండడు తల్లీ, సిగ్గుపడి వచ్చేస్తాడు" అనేది. కళ్ళే ఆనవు. కుట్టేటప్పుడు వేళ్ళకు చూపుతో పని లేదు గానీ, సూదిలో దారం ఎక్కించడం ఆవిడ వల్ల కాదు. అందుకని పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళు పిన్ని సూదులన్నిటికీ దారాలు ఎక్కించి, కిటికీ పక్కన గోడకు కొట్టిన గుడ్డముక్కకు వరుసగా గుచ్చిపెట్టేవాళ్ళం. ఎవరూ పెట్టిన రూలు కాదు. చెప్పులు బయట విడిచినట్టు, అదొక అలవాటు.

పిన్ని ముస్లిం. మధ్యాహ్నం తానుల వెనక ఉతికిన దుప్పటి పరుచుకుని నమాజు చేసుకునేది. ఆ కాసేపూ కటింగ్ మాస్టర్ రేడియో గొంతు తగ్గించేవాడు. ఆవిడ తిరిగి వచ్చాక, "మా గురించి కూడా ఒక మాట వేశావా పిన్నీ?" అనేవాడు.

"నీ గురించి మొదలుపెడితే ఈ పూట చాలదు నాయనా" అనేది ఆవిడ.

ఆ బస్సు పేలడానికి ముందు వారం ఇంకో ఊళ్ళో రైల్లో బాంబు పేలింది. అప్పటి నుంచి జనం సంచుల వైపు, తలమీద ముసుగుల వైపు చూస్తూనే ఉన్నారు. మన దాకా రాదులే అనుకుంటూ ఉండగానే వచ్చింది.

ఆ బస్సులో మాస్టర్ వాళ్ళక్క ఉంది. తల్లి పోయాక తమ్ముడి కోసం పెళ్ళి మానుకుని అతన్ని పెంచిన మనిషి. రోజూ పొద్దున అదే బస్సులో వచ్చి, అతనికి క్యారియర్ అందించి, కూరగాయలు కొనుక్కుని వెళ్ళేది. చప్పుడు విన్నాక మాస్టర్ కత్తెర బల్ల మీద పారేసి పరిగెత్తాడు. ఆ తర్వాత చాలాసేపటికి పిన్ని నడిచి వచ్చింది. పాదాల నిండా దుమ్ము. స్టూలు మీద కూర్చుని సూది తీసుకుంది గానీ ఒక్క కాజా కూడా కుట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. తర్వాత అందరూ గుర్తు చేసుకున్నారు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చి పిన్నిని తీసుకెళ్ళారు. సాయంత్రానికే వదిలేశారు. అది ఇంకా చేటైంది.

"అంత తేలిగ్గా వదిలారంటే వెనక ఎవరో పెద్దవాళ్ళే ఉన్నారు" అంది గుండీలు కుట్టే అమ్మాయి.

అక్క కర్మ ముగించుకుని వచ్చిన రోజు మాస్టర్ అందరికంటే ముందే గదిలో ఉన్నాడు. ముందు రోజు ఎక్కించి మిగిలిన సూదులు గోడ మీద వరుసగా ఉన్నాయి. మేం చూస్తుండగా అతను ఒక్కొక్కటే తీసి, దారం లాగేసి, సూదిని మళ్ళీ అక్కడే గుచ్చాడు. తొందరేమీ లేదు అతనికి. అన్నీ అయ్యాక, "ఇవాళ్టి నుంచి ఎవరి సూది వాళ్ళే ఎక్కించుకోవాలి" అన్నాడు.

పిన్ని అతని దగ్గరికి వెళ్ళి నిలబడింది. "నాయనా, మీ అక్క..." అంది.

"ఆ మాట నీ నోటితో అనకు."

ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది. దారం కొస తడి చేసి, సూదిని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. దారం పక్కనుంచి పోయింది. మళ్ళీ తడి చేసింది. గుండీల అమ్మాయి కిసుక్కున నవ్వింది. "పిన్నీ, ఆకాశంలో ఏం వెతుకుతున్నావు?"

పిన్ని ఇంకో సూది అందుకుంది. మధ్యాహ్నం ఆవిడ తానుల వెనక్కి వెళ్ళగానే మాస్టర్ రేడియో గొంతు పెంచాడు.

ఒళ్ళో పడాల్సిన చొక్కాలు స్టూలు పక్కన గుట్టపడ్డాయి. ఆవిడ ఒక సూది ఎక్కించేలోపు ఒక మెషీను చొక్కా ముగించేది. నేల మీద పడ్డ సూది కోసం తడుముతుంటే పైనుంచి దాటుకుంటూ నడిచేవాళ్ళం. కొన్నాళ్ళకు ఓనరు పైకి వచ్చి గుట్ట చూశాడు.

"పిన్నీ, పని సాగడం లేదే."

"దారాలు ఎక్కించి పెడితే ఎప్పటిలాగే కుడతాను బాబూ. చేతులు బాగానే ఉన్నాయి."

ఓనరు మాస్టర్ వైపు చూశాడు. మాస్టర్ తల ఎత్తకుండా గుడ్డ కత్తిరిస్తున్నాడు.

"నీకూ వయసైంది" అన్నాడు ఓనరు. "కాజాల మెషీను చెప్పాను. ఎల్లుండి వస్తుంది. నువ్వు ఇంటి పట్టున విశ్రాంతి తీసుకో."

"విశ్రాంతి తింటే కడుపు నిండుతుందా బాబూ?"

ఓనరు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

పిన్ని తన కత్తెరా సూదులూ సంచిలో వేసుకుంది. గుండీల అమ్మాయి ఇక ఉండబట్టలేక అడిగేసింది. "పోయేటప్పుడన్నా చెప్పు. ఆ రోజు వంతెన దగ్గర ఎందుకు దిగావు?"

పిన్ని మాస్టర్ వంగిన వీపు వైపు కాసేపు చూసింది. "ఆ మాట ఇక్కడ వద్దమ్మా" అంది.

"చూశారా" అన్నాడు మాస్టర్, ఎవరి వైపూ చూడకుండా.

ఆవిడ స్టూలు మీద ఇప్పుడు ఇస్త్రీ పెట్టె పెడుతున్నారు.

మెషీను వచ్చి బాగా పాతబడ్డాక ఒక మధ్యాహ్నం ఒకతను పైకి వచ్చాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. చొక్కాల ఎడమ చేతులు పొట్టి చేసి, కొస మూసి కుట్టాలన్నాడు. పేలిన బస్సుకు కండక్టరునని అతనే చెప్పాడు. మాస్టర్ టేపు తీసుకుని కొలుస్తుంటే, అతను గదంతా చూసి, "ఇక్కడ కాజాలు కుట్టే ఆవిడ ఉండాలి కదా, బాగుందా?" అన్నాడు.

"మానేసింది. ఆవిడతో నీకేం పని?" అన్నాడు బిల్లులు చూసుకుంటున్న ఓనరు.

"పనేం లేదు. ఆ రోజు నేనే దింపేశాను పాపం. పోలీసులకు ఆస్పత్రి మంచం మీదే చెప్పాను, అందుకే వదిలేశారు."

మెషీన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"నువ్వు దింపావా?" అన్నాడు ఓనరు.

"నాకై నేను దింపుతానా? ముందు సీట్లో క్యారియర్‌తో ఒకావిడ లేచి గోల పెట్టింది, ఆ సంచిలో ఏముందో చూడమని. చూశాను. కత్తెర, సూదులు, అన్నం డబ్బా. అయినా దించమంది. ఇంకో నలుగురు అందుకున్నారు. ఈవిడ ఒక్క మాటే అంది, 'అక్కా, నేను నీకు తెలుసు కదా' అని. 'ఎందుకు తెలీదు, మా తమ్ముడి దగ్గరే కదా చేస్తావు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా, దిగు' అంది. అందరం ఈవిడ సంచి మీదే కళ్ళు పెట్టాం. వెనక సీటు కింద ఉన్నదాన్ని ఒక్కరం కూడా చూడలేదు."

మాస్టర్ టేపు తీసి మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. తర్వాత, "భుజం దించండి, కొలత తేడా వస్తుంది" అన్నాడు. సుద్దతో చొక్కా చేతి మీద గీత గీశాడు.

కండక్టరు వెళ్ళాక గుండీల అమ్మాయి మెల్లగా, "పిన్నికి కబురు పెడదామా?" అంది.

"మెషీను కొన్నాం కదా" అన్నాడు ఓనరు.

మాస్టర్ గీత వెంట కత్తిరించాడు. మెషీన్లు మళ్ళీ మొదలయ్యాయి. టీ కొట్టు దగ్గర ఈ రోజుకీ పాత మాటే నడుస్తోంది, కాజాల పిన్ని తనంతట తానే వంతెన దగ్గర దిగిపోయిందని. ఆవిడ టిక్కెట్టు మార్కెట్టు దాకా తీసుకుంది.