నమూనా వంటింట్లో మంగళవారాలు

ఆమెను షోరూంలో అందరూ వంటింటక్క అంటారు. అలాగని అక్కడ ఆమె ఏనాడూ వండింది లేదు. వరుసగా నమూనా వంటిళ్ళు, వాటి వెనక నమూనా స్నానాల గదులు, నడిచి చూడటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని బోలెడంత నేల. పొయ్యికి గ్యాసు ఉండదు, కుళాయి తిప్పితే గాలి కూడా రాదు, బుట్టలో పళ్ళు ప్లాస్టిక్‌వి. వాటి మధ్య నిలబడి, వచ్చినవాళ్ళకు ఈ ఏడాది ఏ పోకడ నడుస్తోందో చెప్పడం ఆమె ఉద్యోగం. నిరుడు తెలుపును మించింది లేదన్న నోటితోనే ఈ ఏడు ముదురాకుపచ్చ అనాలి. వంటింటికీ హాలుకీ మధ్య గోడ ఉంటే ఊపిరాడదనాలి. నేల చూపుకి చెక్కలా ఉండాలి, తడిస్తే రాయిలా ఉండాలి అనాలి. స్నానాల గదికి గాజు తలుపు లేనివాళ్ళను చూసి కాస్త జాలిపడాలి. ఇవన్నీ ఆమెకు మంచినీళ్ళ ప్రాయం.

ఇక ఆమె ఇంటి సంగతి అడక్కండి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఆమె ఉండేది ఒంటి గది అద్దె వాటాలో. కిటికీ గట్టు మీద ఒక పొయ్యి, దాని పక్కన రెండు కంచాలు. రెండో కంచం ఎందుకో ఆమెకే తెలియదు. పెళ్ళి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. అమ్మ పోయాక ఆ మాట ఎత్తేవాళ్ళు కూడా లేకపోయారు. ఎప్పుడైనా అన్నయ్య ఫోన్ చేస్తే పక్కనుంచి వదిన "నేనూ అడిగానని చెప్పండి" అంటుంది. అడిగింది ఏమిటో మాత్రం ఇంతవరకూ తెలియలేదు.

పగలంతా ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరు పొడుగో, ఎవరిది ఎడమచేతి వాటమో, ఏ అత్తాకోడళ్ళు ఒకే గట్టు దగ్గర నిలబడలేరో అన్నీ చెప్పేస్తారు. సరుకు ఇంటికి చేరిందంటే సరి, ఇక ఆమె ఎవరికీ గుర్తుండదు. వీధిలో ఎదురుపడితే ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూసి పోతారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఇన్ని ఇళ్ళకు వంటిళ్ళు ఎంచి పెట్టిన మనిషి, వాటిలో ఒక్క ఇంటి గడపా తొక్కలేదు. పిలిస్తే కదా తొక్కడం.

అలాంటి చోటికి ఒక మంగళవారం కుట్టు టీచరు వచ్చింది. బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైన మనిషి. అక్కాచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోకుండా ఒకే ఇంట్లో ఉండేవారట, అక్క పోయింది. టీచరు మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూర్చుని, వంటింటికి టైల్స్ కావాలని చెప్పి, వంటింటక్కను ఎగాదిగా చూసింది.

"పొద్దున్నుంచీ నిలబడే ఉన్నట్టున్నావ్. తిన్నావా అమ్మాయ్?"

వంటింటక్క లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది, ఆమె తినలేదు. అంతమంది జనంలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఎవరొచ్చినా ఆమె మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది: పాతది పగలగొట్టించారా, ఇంకా లేదా? సరుకు ఎంత తొందరగా పంపాలో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ రోజు ఆ ప్రశ్న గాలికిపోయింది.

టీచరు చూసిన మొదటి టైలు వెన్న రంగుది. "ఇది బాగుందమ్మాయ్" అంది వెంటనే. నిజంగానే బాగుంది. వచ్చింది ఇంకొకరైతే వంటింటక్క అక్కడికక్కడే ఆర్డరు రాయించి పంపేసేది. కానీ ఈ మనిషిని పంపేయడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆ షోరూంలో ఒక పద్ధతి ఉంది. నచ్చిన టైలు నమూనా ముక్కను ఇంటికిస్తారు. ఎవరిచ్చారో వాళ్ళ చేతికే తిరిగి తెచ్చివ్వాలి.

"తొందరపడకండి టీచరుగారూ. ఇంట్లో పగటి వెలుగులో చూడండి, రాత్రి లైటేసి చూడండి. మళ్ళీ మంగళవారం తెచ్చి నాకే ఇవ్వండి."

మంగళవారం టీచరు ముక్క తెచ్చింది, రెండు డబ్బాల్లో భోజనం కూడా తెచ్చింది. ఇద్దరూ నమూనా వంటింట్లో ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని తిన్నారు. టీచరు బడి కబుర్లు చెప్పింది. వంకర కుట్టు వేసి, బట్టే వంకరగా ఉంది టీచర్ అన్న పిల్లల గురించి చెబితే వంటింటక్క పొలమారేదాకా నవ్వింది. లేచే వేళకు వెన్న రంగు మీద నూనె చుక్కలు ఇట్టే కనిపిస్తాయని చెప్పి, బూడిద రంగు ముక్క టీచరు చేతిలో పెట్టింది.

తర్వాత బూడిద రంగు వంటింటిని చీకటి చేస్తుందంది. ఆకుపచ్చ ఏడాదిలో మొహం మొత్తుతుందంది. నున్నటిది జారుతుందని, గరుకుది మట్టి పట్టేస్తుందని పేర్లు పెట్టింది. వంకలు వెతకడంలో ఏ అత్తగారూ ఆమె కాలిగోటికి చాలరు. మేనేజరు ఒకరోజు "ఆ టీచరమ్మ వంటిల్లు కడుతోందా, కోట కడుతోందా?" అని కూడా అన్నాడు. చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసు. కానీ టైలు ఖరారైతే టీచరు ఇక రాదు. ఆ ఆలోచన వస్తే చాలు, ఇంకో వంక దానంతటదే దొరికేది.

ఒక మంగళవారం టీచరు రాలేదు. వంటింటక్క తలుపు వైపు చూసి చూసి, షోరూం మూశాక నమూనా ముక్క ఇచ్చినప్పుడు రాసుకున్న రసీదు మీది చిరునామా పట్టుకుని, ముక్క తీసుకోవడానికి వచ్చాననే సాకుతో వెళ్ళింది.

"తలుపు తీసే ఉంది, తోసుకుని రా" అని లోపల్నుంచి వినిపించింది.

టీచరు మంచం మీద ఉంది. ఎడమ మడమ వాచిపోయి ఉంది. కుట్టు మిషను మీద గిన్నెలు బోర్లించి ఉన్నాయి, బట్టలు కత్తిరించే బల్ల మీద పొయ్యి. వంటింటక్క పక్క గదిలోకి తొంగి చూసింది. గట్టు లేదు, తొట్టి లేదు. ఇటుకలు బయటపడ్డ గోడ, గుడ్డ కుక్కిన గొట్టం. ఆమె గబగబా మంచం దగ్గరికి తిరిగొచ్చింది.

"పగలగొట్టించేశారా? ఎప్పుడండీ?"

"నీ దగ్గరికి మొదట వచ్చానే, దానికి ముందు రోజు."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"నువ్వు అడగలేదుగా. బాత్రూంలో గొంతుక్కూర్చుని గిన్నెలు తోముకుంటున్నా. నిన్న లేవబోతే కాలు జారింది. విరగలేదులే, బెణికింది."

ఇన్ని మంగళవారాలూ తాను ఎత్తు స్టూలు మీద కూర్చుని ఆ డబ్బాలు తింది. అవి ఈ బల్ల మీద వండి, ఆ బాత్రూంలో తోమి తెచ్చినవి. వంటింటక్కకు ఏడుపొచ్చింది. మంచం పక్కన కింద కూలబడి చెప్పేసింది.

"ఆ వెన్న రంగులో ఏ లోపమూ లేదు టీచరుగారూ. మీరు మళ్ళీ రావాలని వంకలు పెట్టా. నా వల్లే మీకిలా అయింది."

టీచరు మోకాళ్ళు తడుముకుంది. "మోకాళ్ళు పోయాయే తల్లీ" అంది. కోపంగానే అంది. కాసేపటికి ఆ గొంతు తగ్గింది.

"బతుకంతా బట్టకి దారం రంగు జతచేసినదాన్ని. ఏ టైలు బాగుందో నాకు తెలీదనుకున్నావా? అక్క పోయాక ఈ ఇల్లు అద్దెకిద్దామన్నాడు మా తమ్ముడు. పాత వంటిల్లుంటే ఎవరూ దిగరట. కొత్తది కాగానే నేను వాళ్ళ ఊరు వెళ్ళి, వాళ్ళ మేడ మీద గదిలో ఉండాలి. మరదలు మంచిదే. కానీ అక్కడ నాకు తెలిసినవాళ్ళెవరున్నారు? నువ్వు వంక పెట్టిన ప్రతిసారీ, హమ్మయ్య ఇంకో వారం అనుకుని ఇంటికొచ్చేదాన్ని."

"అయితే ఇంకో రంగు చూద్దామా?" అంది వంటింటక్క. నవ్వుతూ అనాలనుకుంది గానీ నవ్వు రాలేదు.

టీచరు వాచిన కాలు వైపు చూసుకుంది. "వద్దమ్మాయ్. ఆ మొదటిదే పంపించు."

వంటింటక్క ముందు బాత్రూంలో గొంతుక్కూర్చుని, ఎంగిలి గిన్నెలన్నీ తోమింది. లేచేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చింది. చేతులు తుడుచుకుని, అక్కడినుంచే మేనేజరుకు ఫోన్ చేసి వెన్న రంగు రాయించింది. అమ్మయ్య, కోట పూర్తయిందా అని ఆయన సంబరపడ్డాడు. సరుకు గోడౌన్‌లోనే ఉంది, మేస్త్రీని కూడా పిలిపించుకోమన్నాడు.

ఫోన్ పెట్టేసి, "ఎల్లుండికల్లా వచ్చేస్తుందటండీ" అని చెప్పింది.

"ఎల్లుండేనా?" అంది టీచరు.