పోలియో ఆదివారం

సూర్యాపేటలో ఐసు ఫ్యాక్టరీ సావుకారి ఎవరికి దిమ్మ అమ్మినా, దాన్ని అరచేత్తో ఒకసారి చరిచి "ఎంత దూరం పోతది?" అని అడిగేవాడు. దూరాన్ని బట్టి పైన ఊక కప్పించేవాడు. మా దవాఖాన గోడ మీద దాతగా ఆయన పేరు రాయిస్తామంటే మమ్మల్ని కసిరాడు కాబట్టి ఇక్కడా రాయను.

పల్స్ పోలియో మొదలైన కొత్తలో నేను అక్కడ నర్సును. చుక్కలు వేసే ఆదివారం ముందు రాత్రి కరెంటు పోయి, తెల్లారేసరికి మా ఫ్రిజ్‌లో ఐసంతా కరిగింది. చల్లగా లేకపోతే మందు పనికిరాదు. పరుగున ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆదివారం కదా, అప్పటికే చేపలవాళ్లు బారులు తీరి ఉన్నారు.

"ఉన్నదంత తీస్కపో నర్సమ్మా. పైసల ముచ్చట తియ్యకు. ఎంత దూరం పోతది?"

తండాలదాకా అన్నాను. ఊక రెండింతలు కప్పించాడు.

కోదాడ నుంచి వచ్చిన చేపల వ్యాపారికి ఒళ్లు మండింది. "మా వీధిలో ఒక్కడికీ పోలియో లేదు. మరి మా చేపలేమైపోవాలి సావుకారూ?"

"ఏ దేశంల ఒక్క పిల్లగానికున్నా మల్ల మనదాక వస్తదట. లోకం మొత్తంల పోవాలె. ఐసు నాది, ఎవరికియ్యాల్నో నాకెరుక."

"అయితే ఇక నీ గడప తొక్కం."

"తొక్కకుండ్రి."

అన్నంత పనీ చేశారు. అందరూ మిర్యాలగూడ ఐసుకు మళ్లారు. తర్వాతి విడత చుక్కలకు మళ్లీ ఐసు అడగడానికి నాకే మొహం చెల్లలేదు, అయినా వెళ్లాను. ఫ్యాక్టరీ ముందు ఒక్క బండి కూడా లేదు. గేటు మీద మాత్రం సుద్దముక్కతో ఆయన రాత: "పోలియో ఆదివారం చేపలకు ఐసు లేదు. గొడవ చేస్తే సోమవారం కూడా లేదు."